పురిటి గాయాలు, నీళ్ల కాన్పు: సర్వసభ్య సమావేశ తీర్మానం

హైదరాబాద్ పాతబస్తీలో పనిచేసే నర్సులు, ఆశా కార్యకర్తలు, ఇక్కడే పిల్లల్ని కన్న తల్లులు సభ్యులుగా ఉన్న మా సంఘం సర్వసభ్య సమావేశం చర్చించి ఆమోదించినది.

కార్యవర్గం సభ ముందు పెట్టిన ముసాయిదా ఇంత పొడుగు లేదు. పాతబస్తీ ప్రభుత్వ దవాఖానాల్లో నీళ్ల తొట్టి కాన్పులు మొదలుపెట్టాలి, అట్లా చేస్తే తల్లులకు చిరుగులూ కుట్లూ తప్పుతాయి అన్నది దాని సారం. సభ దాన్ని పక్కన పెట్టి ఈ కింది పాఠాన్ని ఆమోదించింది. కారణాలు కూడా ఇందులోనే రాయాలని సభ్యులు పట్టుబట్టడంతో ముందుమాట పెరిగింది.

తెలంగాణలో కాన్పు అంటే ఇప్పుడు దవాఖానా కాన్పే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 97 కాన్పులు దవాఖానాల్లోనే జరిగాయి. లక్ష జననాలకు తల్లుల మరణాలు 43కి దిగాయని 2018–20 నమూనా రిజిస్ట్రేషన్ లెక్కలు చెప్పాయి. ఇది చిన్న సంగతి కాదు. ఈ సభలో కూర్చున్న చాలామంది చేతుల కష్టం అందులో ఉంది. కేసీఆర్ కిట్ పథకం 2017 జూన్ 3న మొదలైంది కూడా మన పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి దవాఖానాలోనే. అప్పట్లో మగబిడ్డ పుడితే 12,000 రూపాయలు, ఆడబిడ్డ పుడితే 13,000, బిడ్డకు దోమతెర, తల్లికి చీర అన్నారు. ఆ పథకం తల్లిని దవాఖానా గడప దాకా తెచ్చింది. గడప లోపల, లేబర్ రూం బల్ల మీద ఏం జరుగుతుందన్నది ఈ తీర్మానం విషయం.

అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో మరో అంకె ఉంది. రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు పెద్దాపరేషన్లు. ప్రైవేటులో 81.5, ప్రభుత్వ దవాఖానాల్లో 44.5. దేశం సగటు 21.5. మనంత ఎక్కువ ఇంకే రాష్ట్రంలోనూ లేదు. జనాభా మొత్తం మీద సిజేరియన్లు నూటికి 10 దాటాక వాటివల్ల తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గినట్టు కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ముహూర్తాల గురించి, ప్రైవేటు బిల్లుల గురించి, నొప్పులతో ఉన్న మనిషి పక్కన గంటలు గంటలు కూర్చునే తీరిక లేని డ్యూటీల గురించి ఇప్పటికే చాలామంది మాట్లాడారు. అవి నిజాలే. వాటితోపాటు చెప్పుకోవలసింది భయం. కింద కోస్తారట, కుట్లు మానవట, నెలల తరబడి కూర్చోలేరట అని అక్కలూ వదినలూ చెప్పింది విన్న తొలిచూలు పిల్ల, అంతకంటే పొట్ట కోయించుకోవడం నయం అనుకుంటుంది. చర్చలో మాట్లాడిన ఆశా సభ్యులు ఒకరి తర్వాత ఒకరు ఇదే చెప్పారు. ఆ అక్కలు అబద్ధమూ చెప్పలేదు. వాళ్లకు జరిగిందే చెప్పారు.

కాబట్టి గాయం సంగతి తేల్చకుండా నార్మల్ కాన్పులు పెంచండి అనడం సగం మాటే అవుతుందని ఈ సభ భావిస్తున్నది.

చిరుగులన్నీ ఒకటి కావు. మొదటి స్థాయిలో చర్మం గీరుకుంటుంది, చాలాసార్లు కుట్టే పని కూడా ఉండదు. రెండో స్థాయిలో యోనికీ మలద్వారానికీ నడుమ ఉన్న కండరం చీలుతుంది, కుడితే మానుతుంది. గాటు పెట్టి కోసినా పడే గాయం ఈ స్థాయిదే. మూడో స్థాయిలో చీలిక మలద్వారాన్ని బిగించి ఉంచే కండర వలయం దాకా పోతుంది. నాలుగోది ఆ వలయాన్ని దాటి లోపలి పొరను కూడా చీలుస్తుంది. మొదటి రెండూ మామూలే. తొలికాన్పులో పదిమందిలో తొమ్మిది మంది దాకా తల్లులకు ఏదో ఒక గీరో, చిరుగో, గాటో పడుతుందని బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ చెబుతుంది. అక్కడ మూడు, నాలుగు స్థాయిలు తొలికాన్పుల్లో నూటికి 6.1, తర్వాతి కాన్పుల్లో 1.7 అని ఆ సంస్థ 2015 మార్గదర్శకం లెక్క. ఎవరికి ఎక్కువ వస్తాయో కూడా తెలిసిందే: తొలిచూలు తల్లికి, బిడ్డ నాలుగు కిలోలు దాటితే, బిడ్డ ముఖం తల్లి పొట్టవైపు తిరిగి ఉంటే, ముక్కే దశ మరీ సాగితే, ఫోర్సెప్స్ వేస్తే. ఆసియా మూలాలున్న స్త్రీలకు ముప్పు ఎక్కువని కూడా అదే పత్రంలో ఉంది. లండన్ దవాఖానాలో పనిచేసే నర్సు మన ఆడబిడ్డను చూడగానే ఈ సంగతి గుర్తుపెట్టుకుంటుంది. ఇక్కడ మనం గుర్తుపెట్టుకోవద్దా?

ఇక నీళ్ల కాన్పు. ఫ్రాన్సులోని పితివియే పట్టణ దవాఖానాలో జరిగిన 100 నీళ్ల కాన్పుల గురించి మిషెల్ ఓడెన్ అనే వైద్యుడు 1983లో లాన్సెట్ పత్రికలో రాశాక ఈ పద్ధతి లోకం దృష్టిలో పడింది. ఇప్పుడు బ్రిటన్‌లో అది మామూలు వసతుల్లో ఒకటి. మన నగరంలోనూ మూసీకి ఆవల కొన్ని ప్రైవేటు కేంద్రాల్లో ఉంది. వేన్నీళ్లలో కూర్చుంటే నొప్పి ఓర్చుకోగలగడం నిజం. బాలింతకు నడుం మీద వేన్నీళ్లు పోసే ఇళ్లలో పెరిగిన మనకు ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. నొప్పుల దశలో నీళ్లలో ఉన్న తల్లులకు వెన్నులో మత్తుసూది అవసరం కొంత తగ్గిందని 15 పరిశోధనలను, 3,663 మంది తల్లులను కలిపి చూసిన 2018 కాక్రేన్ సమీక్ష కూడా తేల్చింది. చిరుగుల విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా దానికి కనబడలేదు.

దీనికంటే పెద్ద లెక్క 2024లో వచ్చింది. కార్డిఫ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో, బ్రిటన్ ప్రభుత్వ దవాఖానాల్లో 2015–2022 మధ్య నొప్పుల దశలో తొట్టి వాడిన 80,000 మందికి పైగా తల్లుల రికార్డులు చూశారు. పెద్ద ముప్పేమీ లేనివారిలో, నీళ్లలోనే కన్నవారినీ కాన్పుకు ముందు బయటికి వచ్చి కన్నవారినీ పోల్చారు. మలద్వార కండరం దాకా చీలినవారు తొలికాన్పుల్లో నీళ్లలో నూటికి 4.8, బయట 5.3. తర్వాతి కాన్పుల్లో 1.0, 1.1. అంటే నీళ్లవల్ల చిరుగు ఎక్కువవుతుందన్న భయానికి ఆధారం లేదు, తప్పిపోతుందన్న ఆశకూ లేదు. బొడ్డుతాడు తెగడం మాత్రం నీళ్లలో కొంచెం ఎక్కువగా కనిపించింది. అది అరుదే, కానీ చేతిలో క్లాంపు పట్టుకుని, బిడ్డను ఒక్కసారిగా పైకి లాగకుండా చూసుకునే మనిషి ఉండాలి. అమెరికా ప్రసూతి వైద్యుల కాలేజీ 2016లో ఇంకా జాగ్రత్తగా మాట్లాడింది: నొప్పులకు నీళ్లు సరే, కాన్పు మాత్రం నీళ్ల బయటే మేలు అంది.

ఈ అంకెలు చదివాక ముసాయిదాలోని వాక్యం నిలబడదని సభ అభిప్రాయపడింది. పైన చెప్పిన ముప్పుల్లో దేన్నీ నీళ్లు మార్చవు. తొలిచూలు తొలిచూలే, పెద్ద బిడ్డ పెద్ద బిడ్డే. తల బయటికి వచ్చే నిమిషంలో తల్లిని ఆగు, ముక్కకు, ఊపిరి వదులు అని చెప్పే గొంతు, ఆ తలను మెల్లగా రానిచ్చే చెయ్యి చిరుగును తగ్గిస్తాయి. బ్రిటన్ లెక్కల్లోని ఆ తల్లులకు తొట్టితోపాటు పక్కన వదిలిపోని మిడ్‌వైఫ్ ఉంది. తొట్టి ఫొటోలో బాగా పడుతుంది కాబట్టి మనకు తొట్టి కనిపించింది, మనిషి కనిపించలేదు.

నీటి సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. కాన్పు తొట్టికి ఒక్కసారికి వందల లీటర్లు కావాలి. ప్రతి తల్లికీ కొత్త నీళ్లు, ప్రతిసారీ తొట్టి కడగడం, వేడి 37.5 డిగ్రీలు దాటకుండా గంటగంటకూ చూడడం. నల్లా రోజు విడిచి రోజు వచ్చే బస్తీల్లో, సంపులోనో ట్యాంకర్‌లోనో నిలవున్న నీటితో, ఒకే లేబర్ రూంలో పక్కపక్కనే బల్లలున్న చోట ఇది ఎట్లా సాగుతుందో కార్యవర్గం చెప్పలేకపోయింది. నిలవున్న వేడి నీళ్లలో లెజియొనెల్లా లాంటి క్రిములు పెరుగుతాయి, పసిగుడ్డుకు అవి ప్రాణాంతకం కావచ్చు.

అటువైపు మన దగ్గరే మొదలైన ఒక మంచి పని ఉంది. 1948లో బొగ్గులకుంటలో పుట్టిన ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్ తోడుగా రాష్ట్ర ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో 30 మంది నర్సులతో పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. దేశానికి తోవ చూపిన రాష్ట్రంలో ఉంటూ, ఆ నర్సులను పెంచమని అడగడం మాని తొట్టెలు అడగడం మనకు తగదు.

పై కారణాలవల్ల ఈ సభ ఇట్లా తీర్మానిస్తున్నది.

1. నీళ్ల కాన్పుతో చిరుగులు తప్పుతాయని మా సంఘం పేరుతో ఎవరూ ప్రచారం చేయరాదు. అది కోరుకునే తల్లిని వెక్కిరించనూ రాదు. అనుభవమున్న మిడ్‌వైఫ్, పరీక్షించిన నీరు, తల్లిని నిమిషాల్లో బయటికి తీసే ఏర్పాటు, పక్కనే ఆపరేషన్ థియేటర్ ఉన్న చోట, ముప్పు లేని తల్లి ఇష్టంతో ఎంచుకుంటే సభకు అభ్యంతరం లేదు. ఇంట్లో తొట్టి పెట్టుకుని సొంతంగా కాన్పు చేసుకోవడాన్ని సభ గట్టిగా వ్యతిరేకిస్తున్నది. 2018లో తమిళనాడులోని తిరుపూరులో యూట్యూబ్ వీడియోలు చూసి ఇంట్లోనే కాన్పు చేయబోతే తల్లి ప్రాణమే పోయింది.

ప్రభుత్వ లేబర్ రూంలలో వెంటనే కావలసింది తొట్టి కాదు. తలుపు గడియపడే స్నానాల గది, అందులో వేన్నీళ్ల షవర్, కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు. నొప్పులమీదున్న మనిషి నడుం మీద వేన్నీళ్లు పడేట్టు అరగంట కూర్చోగలిగితే చాలు. దీనికి పరిశోధన అక్కర్లేదు, ప్లంబర్ కావాలి.

2. తొలికాన్పు అనగానే గాటు పెట్టే అలవాటు మానాలి. అందరికీ గాటు పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫార్సుల్లో స్పష్టంగా ఉంది. బిడ్డ గుండె వేగం తగ్గుతున్నప్పుడో, ఫోర్సెప్స్ వేయవలసి వచ్చినప్పుడో అవసరం పడవచ్చు. అప్పుడు తల్లికి చెప్పి, ఒప్పుకోలు తీసుకుని, మత్తు ఇచ్చి, మలద్వారానికి దూరంగా 60 డిగ్రీల వాలుతో కోయాలి. మత్తు పనిచేయకముందే కోయడం, మత్తు లేకుండా కుట్టడం ఎక్కడ జరిగినా అది హింసేనని సభ రికార్డు చేస్తున్నది. పొట్ట మీద చేతులతో నొక్కి బిడ్డను తోయడం కూడా అదే సిఫార్సుల్లో వద్దన్న పనే.

3. ముక్కే దశలో గోరువెచ్చని నీళ్లలో తడిపిన శుభ్రమైన గుడ్డను కింద అదిమి ఉంచడం మూడో, నాలుగో స్థాయి చిరుగులను తగ్గిస్తుందని మరో కాక్రేన్ సమీక్షలో తేలింది. ఇంత చవక వైద్యం ఇంకొకటి లేదు. ఒక కెటిల్, నాలుగు గుడ్డలు, ఓపికగల ఒక చెయ్యి. ప్రతి లేబర్ రూంలో ఇది తప్పనిసరి కావాలి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కట్టేయకుండా, పక్కకు తిరిగో మోకాళ్ల మీదో తల్లికి వీలైన భంగిమలో కననివ్వాలి. పుట్టింటి నుంచి వచ్చిన అమ్మనో అత్తనో పక్కన ఉండనివ్వాలి. కేంద్రం 2016లోనే దీనికి అనుమతి ఇచ్చింది. పక్క బల్ల మీద ఇంకో తల్లి ఉందన్నది కారణమైతే తెర కట్టండి. నెలలు నిండుతున్నప్పుడు, 35వ వారం నుంచి, నూనెతో మెల్లగా మర్దన చేసుకోవడం తొలిచూలు తల్లులకు గాటు అవసరాన్ని తగ్గిస్తుంది. ఈ మాట చెప్పడానికి మన ఆశా సభ్యులు సిగ్గుపడుతున్నారని వారే ఒప్పుకున్నారు. అందుకని ఆ పని మిడ్‌వైఫ్ నర్సులకు అప్పగించడమైనది.

4. మాయ పడ్డాక, కుట్లకు ముందు, మంచి వెలుతురులో చిరుగు ఎంతవరకు పోయిందో చూడాలి. మలద్వారంలో వేలుపెట్టి కండర వలయం తెగిందేమో పరీక్షించాలి. మలద్వార పరీక్ష మీద సభలో గట్టి వాదన జరిగింది. పాతబస్తీ ఆడవాళ్లు ఒప్పుకోరు, దవాఖానాకే రావడం మానేస్తారు అని కొందరన్నారు. ఎందుకో చెప్పి, అడిగి, ఆడవాళ్లే చేస్తే ఒప్పుకుంటారని, చెప్పకుండా చేస్తే ఎక్కడి ఆడవాళ్లైనా ఒప్పుకోరని ఎక్కువమంది అన్నారు. ఆ షరతులతో ఈ అంశం నిలిచింది. కండర వలయం తెగితే లేబర్ రూం బల్ల మీద హడావిడిగా కుట్టకూడదు. థియేటర్‌కు తీసుకుపోయి, మత్తు ఇచ్చి, తెలిసిన వైద్యురాలి చేత కుట్టించాలి. తర్వాత యాంటిబయాటిక్, విరేచనం మెత్తబడే మందు ఇవ్వాలి. వెంటనే గుర్తించి సరిగ్గా కుట్టినవారిలో ఏడాది తిరిగేసరికి నూటికి 60 నుంచి 80 మందికి ఏ బాధా మిగలదు. గుర్తించకపోతే ఏమవుతుందన్నదే తర్వాతి అంశం.

5. గాలి ఆపుకోలేకపోవడం, విరేచనం ఆపుకోలేకపోవడం గురించి ఆడవాళ్లు అడిగినా చెప్పరు, అడగకపోతే అసలే చెప్పరు. మన బస్తీల్లో ఇది బయటపడే సమయం ఒకటుందని సభ్యులు చెప్పింది సభను కదిలించింది. చిల్లా నలభై రోజులు దాటి, స్నానం చేసి, మళ్లీ నమాజుకు నిలబడిన రోజున, గాలి పోయి వజూ, అంటే నమాజుకు ముందు చేసుకునే శుద్ధి, నిలవదు. మళ్లీ చేసుకుంటుంది, మళ్లీ పోతుంది. రోగం ఉన్నవారికి మతంలో వెసులుబాటు ఉంది. అది రోగమని, కాన్పులో పడ్డ గాయమని, దానికి వైద్యముందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తన ఒళ్లే పాడైందనుకుని ఊరుకుంటుంది. గుడికి పోవడం మానేసిన తల్లులూ, పెళ్లిళ్లకు పోవడం మానేసిన తల్లులూ ఇట్లాగే ఉన్నారు.

దవాఖానాలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో పోతుంది. బిడ్డ బరువు చూస్తుంది, బొడ్డు చూస్తుంది. ఇకమీదట మా సభ్యులు ఆ ఆరు సార్లూ తల్లిని విడిగా కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగాలి: కుట్ల దగ్గర వాసన, చీము ఉందా? నొప్పి రోజురోజుకూ తగ్గుతోందా? గాలీ విరేచనం ఆపుకోగలుగుతున్నావా? అత్తగారు గదిలో ఉంటే ఈ ప్రశ్నలు అడిగి లాభం లేదు. బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చి, పత్యమని పొడికూడు పెడితే మలబద్ధకం వచ్చి కుట్ల మీద ఒత్తిడి పడుతుందని ఆ అత్తగారికే చెప్పాలి, నెమ్మదిగా. హరీరా తాగించండి, పండూ ఆకుకూరా నీళ్లూ కూడా ఇవ్వండి అంటే వింటారు. ఆపమంటేనే వినరు.

6. ఆపుకోలేని బాధ ఉన్న తల్లులకోసం పేట్లబురుజు దవాఖానాలో వారానికి ఒక పూట ప్రత్యేక ఓపీ నడపాలని, అందులో కటి కండరాల వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు ఉండాలని సభ ప్రభుత్వాన్ని కోరుతున్నది. అట్లాంటి గాయమైన తల్లి తర్వాతి కాన్పుకు పెద్దాపరేషన్ అడిగితే అది ఆమె హక్కు. సిజేరియన్ల శాతం తగ్గించే పేరుతో ఆమెను కాదనరాదు.

7. కుటుంబ ఆరోగ్య సర్వే ఆపరేషన్లను లెక్కపెడుతుంది, చిరుగులను లెక్కపెట్టదు. ప్రతి ప్రసూతి దవాఖానా, ప్రైవేటుతో సహా, నెలనెలా తన గాట్ల సంఖ్య, మూడు, నాలుగు స్థాయిల చిరుగుల సంఖ్య బయటపెట్టాలి. సంఖ్య ఎక్కువున్న చోట నర్సులను శిక్షించకూడదు. శిక్షిస్తే మరుసటి నెల నుంచి రిజిస్టరులో అన్నీ రెండో స్థాయే అవుతాయి, ఈ సంగతి రిజిస్టర్లు రాసే మాకు బాగా తెలుసు. నార్మల్ కాన్పులకు టార్గెట్లు పెట్టేవారు ఆ అంకెతోపాటే ఈ అంకె కూడా అడగాలి. ఒక్కో తల్లి పక్కన ఒక్కో మిడ్‌వైఫ్ నిలబడేటన్ని పోస్టులు మంజూరు చేశాకే టార్గెట్ మాట ఎత్తాలి.

1, 2, 3, 5, 6 అంశాలు ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. 4, 7 అంశాలు మెజారిటీతో ఆమోదం పొందాయి. 7వ అంశంలో దవాఖానాల పేర్లు బయటపెట్టరాదన్న సవరణ వీగిపోయింది. తెలుగు, ఉర్దూ ప్రతులను పేట్లబురుజు దవాఖానా సూపరింటెండెంట్‌కు, హైదరాబాద్ జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి, కుటుంబ సంక్షేమ కమిషనర్‌కు పంపాలి. 5వ అంశంలోని మూడు ప్రశ్నలను ఉర్దూలో, కుట్లకు టాంకే అనే మాటే వాడి, అరచేతిలో పట్టే కార్డు మీద అచ్చువేయించి ఆశా సభ్యులకు ఇవ్వాలి. అచ్చు ఖర్చు సంఘం నిధి నుంచి.